కార్లూ మడుగులో నాన్న ఈత

మా నాన్న ఫోన్ చేస్తే ముందు పిల్ల ఎట్లా ఉందని అడుగుతాడు, తర్వాత మీ దగ్గర వానలు పడుతున్నాయా అని అడుగుతాడు, ఆ తర్వాత కాస్త ఆగి, "ఆ మడుగులో నీళ్ళెంతున్నాయిరా?" అంటాడు. ఆయన ఆ మడుగును చూసింది రెండేరెండు సార్లు. 2012 డిసెంబరులో ఒకసారి, 2013 ఫిబ్రవరిలో వెళ్ళిపోయే ముందు ఇంకోసారి. అయినా ఖమ్మం జిల్లాలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, అదేదో మన చేను పక్కనే ఉన్న బావి అయినట్టు, ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. నేనూ తెలిసినంత చెబుతూనే ఉంటాను.

ఆ మడుగు పేరు కార్లూ పూల్. ఆస్ట్రేలియాలో, సిడ్నీకి దక్షిణాన రాయల్ నేషనల్ పార్క్‌లో, కంగారూ క్రీక్ అనే వాగు మీద ఉంటుంది. ఈ పార్క్‌ను 1879లోనే పెట్టారు. అమెరికాలో ఎల్లోస్టోన్ 1872లో వచ్చింది, దాని తర్వాత ప్రపంచంలో రెండో నేషనల్ పార్క్‌గా దీన్నే చెబుతారు. మొదట్లో దీని పేరు ఉత్త "నేషనల్ పార్క్", 1954లో ఎలిజబెత్ రాణి ఈ దారిన వెళ్ళాక 1955లో ముందు "రాయల్" తగిలించారు. జనం ఎక్కువగా సముద్రం వైపే పోతారు, గారీ బీచ్, వాటమోలా, ఒడ్డు వెంబడి బండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా 26 కిలోమీటర్ల నడక, అన్నీ అటే. అవన్నీ నేనూ తిరిగాను, బాగుంటాయి. కానీ నాకు రాయల్ అంటే మాత్రం హీత్‌కోట్ రైల్వే స్టేషన్ పక్కన, ఫైర్ సర్వీస్ షెడ్డు దాటాక మొదలయ్యే సన్నటి కాలిబాట, ఆ బాట చివర ఆ ఆకుపచ్చటి నీళ్ళు.

నేను 2004 జూలైలో చదువుకోడానికి వచ్చాను. సిడ్నీలో హారిస్ పార్క్ అనే పేటలో రెండు బెడ్‌రూముల ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం. పగలు క్లాసులు, రాత్రి నేను పెట్రోల్ బంక్‌లో పని. తెల్లవారుజామున 5 గంటలకు ఒక పెద్దాయన వచ్చి పాలు, పేపరు కొనుక్కుని, ఎవరూ లేకపోతే ఓ పది నిమిషాలు నిలబడి మాట్లాడేవాడు. డిసెంబరు వచ్చేసరికి ఎండలు మొదలయ్యాయి, ఇంట్లో ఏసీ లేదు, ఫ్యాన్ కూడా ఒక్కటే. ఒకరోజు ఆయన నీకు ఈత వచ్చా అని అడిగాడు. బావిలో నేర్చుకున్నానన్నాను. ఆయనకు అర్థం కాలేదు, బావిలో ఎలా ఈదుతారని ఆశ్చర్యపోయాడు. మా బావులు నీళ్ళు చేదుకునే చిన్న బావులు కావు, పొలానికి పారించే పెద్ద బావులు, మెట్లు దిగి వెళ్ళాలి అని నాకొచ్చిన ఇంగ్లీషులో చేతులు చాచి చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, రసీదు కాగితం ఒకటి చింపమని, దాని వెనక పెన్నుతో స్టేషన్, షెడ్డు, వంకర గీత, గీత చివర ఒక గుండ్రం గీసి ఇచ్చాడు. "ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళు, నీళ్ళన్నీ నీవే" అన్నాడు.

ఆ వారమే నలుగురం వెళ్ళాం. సెంట్రల్ స్టేషన్‌లో రైలు మారి హీత్‌కోట్‌లో దిగేసరికి 11 దాటింది, అదే మొదటి పొరపాటు. రెండో పొరపాటు, నలుగురికీ కలిపి తీసుకెళ్ళింది ఒకే ఒక్క లీటరు నీళ్ళు. బాట మొదట్లో చదునుగా, ఇసుకగా ఉంటుంది, రెండు పక్కలా మన భుజం ఎత్తు పొదలు, ఆ తర్వాత ఇసుకరాతి బండల మీదుగా లోయలోకి దిగుతుంది. దిగేటప్పుడు ఏమీ తెలియదు, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోతాం. పైనుంచి ఎండ, చెవులు గింగురుమనేలా కీచురాళ్ళ రొద. రెండున్నర కిలోమీటర్లేమో, అంతే. ఒక మలుపు తిరిగాక చెట్ల సందులోంచి నీళ్ళు కనిపించాయి. చుట్టూ రాళ్ళు, మధ్యలో గుండ్రంగా మడుగు, ఒక పక్కనుంచి బండల మీద జారుతూ సన్నటి ధార. లోతు లేని చోట పలచటి టీ డికాక్షన్ రంగు, లోతున్న చోట ముదురాకుపచ్చ. ఒక్క మనిషి లేడు.

నేను బట్టలతోనే దిగిపోయాను. చల్లదనానికి ఊపిరి ఆగినట్టయింది, తల నీళ్ళలో ముంచగానే కీచురాళ్ళ రొద ఒక్కసారిగా పోయింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అది మా బావి అడుగున ఉండే నిశ్శబ్దమే. వచ్చిన ఐదు నెలల్లో ఫీజుల టెన్షన్, నిద్రలేని రాత్రులు, ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందని చెప్పడం, ఇవే. ఆ రోజు నీళ్ళలోంచి తల పైకెత్తేసరికి ఏడుపొచ్చింది, ముఖం తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తిరుగుదారిలో మాత్రం నరకం చూశాం. దిగిందంతా ఎక్కాలి కదా. నీళ్ళెప్పుడో అయిపోయాయి, మా రూమ్మేట్‌కు కళ్ళు తిరిగితే ఒక బండ నీడలో అరగంట పడుకోబెట్టాం. స్టేషన్‌లో కుళాయి కనిపించగానే నలుగురం దాని మీద పడ్డాం. అప్పటినుంచి ఈ అడవిలోకి ఎవరు వెళ్తానన్నా నేను మొదట చెప్పేది ఒక్కటే, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పొద్దున్నే బయలుదేరడం.

మా బావి గురించి చెప్పాలి. మా తాత తవ్వించిన బావి, మా మిరప చేను మధ్యలో ఉండేది. ఒక పక్క రాతి మెట్లు, ఇంకో పక్క ఒకప్పుడు మోట తోలిన బాట. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న నా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు రెండు కట్టి, అందులోకి దింపాడు. వారం తర్వాత ఒక బుర్ర తీసేశాడు. ఇంకో వారానికి రెండోది కూడా తీసేశాడు, నాకు చెప్పకుండానే. నేను ఒడ్డుకొచ్చాక నడుము తడుముకుని చూసుకుంటే తాడు మాత్రమే ఉంది. మా పిల్లల్లో ఒక లెక్క ఉండేది, బావిలో ఈత వచ్చినట్టు కాదు, అడుగు ముట్టి రావాలి. ముట్టానని ఊరికే చెబితే నమ్మరు, అడుగున ఉన్న మట్టి గుప్పెట్లో పట్టుకొచ్చి చూపించాలి. నేను ఆ మట్టి తెచ్చిన రోజు నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఏమీ అనలేదు, ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాడు.

ఆ బావి ఇప్పుడు లేదు, అంటే గుంట ఉంది, నీళ్ళు లేవు. చుట్టూ అందరూ బోర్లు వేశారు, మేమూ వేశాం. ఏటేటా నీళ్ళు కిందికి పోయి 2000 తర్వాత ఒక వేసవిలో బావి పూర్తిగా ఎండిపోయింది, తర్వాత వానలు పడ్డా మునుపటిలా ఊట రాలేదు. మెట్ల మీద కంపచెట్లు మొలిచాయి. నాన్న మిరప మానేసి సగం చేనులో జామాయిల్ వేశాడు. అప్పటినుంచి ఆయన ఈత కొట్టలేదు.

అమ్మానాన్నా 2012 నవంబరులో వచ్చారు. హార్బర్ బ్రిడ్జి చూపించాం, ఒపెరా హౌస్ చూపించాం, బ్లూ మౌంటెన్స్ తీసుకెళ్ళాం. నాన్న అన్నీ చూసి "బాగుంది" అనేవాడు, ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చునేవాడు. మనిషి పగలంతా ఖాళీగా కూర్చుని ఎరగడు, ఆ కూర్చోవడం చూస్తే నాకు బాధేసేది. డిసెంబరులో ఒక మంగళవారం సెలవు పెట్టి, పొద్దున 7 గంటలకల్లా హీత్‌కోట్‌లో దిగేలా తీసుకెళ్ళాను. కారులో కాకుండా రైల్లోనే వెళ్ళాం, నాకు ఆ దారి అట్లాగే చూపించాలనిపించింది. అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకోదాంట్లో పెరుగన్నం సర్దింది.

బాటలోకి అడుగుపెట్టగానే నాన్న మనిషి మారిపోయాడు. ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, "ఒరేయ్, ఇది జామాయిలే కదరా" అన్నాడు. అవును నాన్నా, జామాయిల్ ఈ దేశం నుంచే మన దగ్గరికి వచ్చింది, ఇందులో వందల రకాలు ఉన్నాయి అని చెప్పాను. ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు. మా చేనులో వరసల్లో వేసి, నాలుగేళ్ళకు నరికి, టన్నుల లెక్కన అమ్మే చెట్టును ఆయన ఎన్నడూ ఇంత లావుగా, ఇన్ని వంకర్లతో, ఇష్టమొచ్చినట్టు పెరగగా చూడలేదు. వెనక నుంచి అమ్మ, "పుట్టింట్లో ఉంటే చెట్టు కూడా ఎంత ఏపుగా ఉందో చూడు" అంది.

ఇంకాస్త ముందుకెళ్తే ఒక తెల్లటి మాను, దాని నిండా గోధుమ రంగులో మెలికల గీతలు. నాన్న జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని దగ్గరగా వంగాడు. ఒక గీత మొదలై, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోయి, ఒకచోట వెనక్కి మళ్ళి, వచ్చిన దారి పక్కనే మళ్ళీ నడుస్తుంది, పోనుపోను లావవుతుంది. వేలితో ఆ గీత వెంట పోతూ, "మన పాత కరణం గారి గొలుసుకట్టు రాత లాగుందిరా, ఎవరు రాశారు?" అన్నాడు. ఒక రెక్కల పురుగు పిల్లగా ఉన్నప్పుడు బెరడు లోపల తొలుచుకుంటూ తిరిగిన దారి అది, పాత బెరడు రాలిపోయాక ఇట్లా బయటపడుతుంది, ఈ చెట్టును స్క్రిబ్లీ గమ్ అంటారు అని చెప్పాను. నాన్న దాని ముందు ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత దారిలో ఎక్కడ తెల్లమాను కనిపించినా ఆగి చదివినట్టు చూసి వచ్చేవాడు.

"ఎన్ని ఎకరాలురా ఇది?" దాదాపు 37 వేల ఎకరాలు నాన్నా. "ఎవరిది?" గవర్నమెంటుది. "అంతకు ముందు?" ధరావల్ అనే మూలవాసులది, బండీనా దగ్గర జిబ్బన్ వైపు బండల మీద వాళ్ళు చెక్కిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. "మరి వాళ్ళేరీ?" అన్నాడు. వాళ్ళ వారసులు ఉన్నారు, కానీ భూమి వాళ్ళ చేతుల్లోంచి పోయింది అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. భూమి పోవడం అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

మొదళ్ళు నల్లగా కాలి ఉన్న చెట్లు చూసి ఇక్కడ మంటలు వచ్చాయా అని అడిగాడు. 1994 జనవరిలో ఈ పార్క్‌లో 90 శాతానికి పైగా కాలిపోయింది. కాలాక కూడా ఈ చెట్లు చాలావరకు మాను మీదనుంచే మళ్ళీ చిగురు వేస్తాయి, బ్యాంక్సియా అని ఇక్కడి మొక్క, దాంట్లో చాలా రకాల కాయలైతే మంట తగిలాకే నోరు తెరిచి గింజలు రాలుస్తాయి అన్నాను. దానికి నాన్న ఆశ్చర్యపోలేదు, "జామాయిల్ కదా, నరికినా మోట్లోంచి పిలకలేస్తుంది" అన్నాడు, అంతే.

మడుగు దగ్గరికి వచ్చాం. బండ మీద ఒక పెద్ద ఉడుము ఎండ కాచుకుంటోంది, మన ఉడుము కంటే పెద్దది, మమ్మల్ని చూసి తొందరపడకుండా లేచి ఒక చెట్టెక్కింది. అమ్మ చెప్పులు విడిచి, చీర కాస్త ఎత్తిపట్టి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని బండ మీద కూర్చుంది. నాన్న అంచునే నిలబడి చూస్తున్నాడు. ఆయన ముందు దిగలేదు. ఒక పొడుగాటి ఎండుకొమ్మ వెతికి, అంచు పొడవునా అక్కడక్కడా దింపి లోతు చూశాడు, నీళ్ళలో దాగిన బండ ఎక్కడుందో కర్రతో తట్టి చూశాడు. చిన్నప్పుడు మాకు ఎప్పుడూ చెప్పేవాడు, కొత్త నీళ్ళలో ముందు కర్ర దిగాలి, తర్వాతే మనిషి దిగాలి అని. ఇక్కడ వాగుల్లో, సముద్రంలో మన పిల్లలు పోయారని వార్త వచ్చినప్పుడల్లా నాకు ఆ కర్ర గుర్తొస్తుంది. ఈత రాదని తెలిసినవాడు కొంత జాగ్రత్తగానే ఉంటాడు, బావిలో ఈత వచ్చినవాడే సముద్రాన్ని కూడా బావి అనుకుంటాడు. గారీ బీచ్‌లో నేనూ ఒకసారి అట్లాగే అనుకున్నాను, అల వెనక్కి లాగేస్తుంటే ఎదురీది ఎదురీది చేతులు పడిపోయాయి. ఎర్ర, పసుపు జెండాల మధ్యే ఈదాలని ఊరికే చెప్పరు. కార్లూ దగ్గర జెండాలూ ఉండవు, లైఫ్‌గార్డులూ ఉండరు.

నాన్న చొక్కా విప్పి, మడిచి బండ మీద పెట్టాడు. ప్యాంటు విప్పి, భుజం మీది తువ్వాలు గోచీ పెట్టుకున్నాడు. అమ్మ "ఈ వయసులో ఏందయ్యా" అంది కానీ ఆపలేదు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుని, నెత్తిన చల్లుకుని, దిగాడు. 61 ఏళ్ళు. పదేళ్ళకు పైనే అయింది ఈత కొట్టి. నేను పక్కనే దిగి, ఎందుకైనా మంచిదని దగ్గరగా ఉన్నాను.

చప్పుడు లేదు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్ళ ఈతలా కాళ్ళు కొట్టడం, నీళ్ళు ఎగరడం ఏమీ లేదు. గడ్డం నీళ్ళ మీద ఆనించి, చేతులు రెండూ నీళ్ళను పక్కకు తోస్తూ, తెర తీసినట్టు తీస్తూ, నింపాదిగా అవతలి ఒడ్డుకు పోయి, బండ ముట్టుకుని, వెనక్కి వచ్చాడు. మధ్యలో ఆగి వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాడు. ఆ తర్వాత, నేను చూస్తుండగానే, ఒక్క ఊపిరి బాగా పీల్చి, మునిగాడు.

ఎంతసేపో నాకు తెలియదు, అమ్మ లేచి నిలబడింది. నేను కూడా మునగబోతుంటే పైకొచ్చాడు. ఊపిరి ఎగపోస్తూ ఒడ్డుకొచ్చి, కుడిచెయ్యి బయటపెట్టి, గుప్పిట తెరిచాడు. తెల్లటి ఇసుక. మన నల్లమట్టి కాదు, చక్కెర లాంటి సన్నటి ఇసుక, అందులో ఒక ఎండాకు ముక్క. నాకు చూపించి, అమ్మకు చూపించి, చెయ్యి మళ్ళీ నీళ్ళలో పెట్టి వదిలేశాడు. వేళ్ళ సందుల్లోంచి ఆ ఇసుక జారి కిందికి పోవడం కాసేపు కనిపించింది.

ఆ రోజు పులిహోర తిన్నట్టు నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు. ఎక్కేటప్పుడు నాన్న ఎక్కడా ఆగలేదు, అమ్మ కోసమే రెండుసార్లు ఆగాం.

జనవరిలో ఎండలు ముదిరాయి. 2013 జనవరి 18న సిడ్నీలో 45.8 డిగ్రీలు వచ్చింది, నాన్న "ఇది మన కొత్తగూడెం ఎండరా" అని తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. నెలాఖరులో తుఫాను వాన కొట్టింది. ఫిబ్రవరిలో రెండోసారి వెళ్ళేసరికి మడుగు నిండుగా ఉంది, ధార గట్టిగా పడుతోంది. ఆ రోజు నాన్న ఎక్కువసేపు ఈదలేదు, ధార కింద బండకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, వీపు మీద నీళ్ళు పడనిచ్చాడు. మా బావిలో మోటారు వేసినప్పుడు పైపు కింద అట్లాగే కూర్చునేవాడు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. ముందు అమ్మకు బాగోలేదు, తర్వాత కరోనా, ఇప్పుడు నాన్నకు మోకాళ్ళు. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. 2019లో కరువు, ధార ఆగిపోయింది, మడుగు సగానికి దిగి అంచుల్లో బండల మీద నీటి గుర్తులు వరసలు వరసలుగా తేలాయి. ఆ మాట చెబితే నాన్న ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. నాకు అర్థమైంది, ఒక బావి ఎండటం ఆయన అట్లాగే మెట్టు మెట్టుగా చూశాడు. 2022లో సిడ్నీలో మునుపెన్నడూ లేనంత వాన పడింది, నిండింది నాన్నా అని చెబితే "ఊట ఉన్న చోటు, ఎక్కడికి పోతుంది" అన్నాడు, గొంతులో సంతోషం తెలిసింది.

ఇప్పుడు సెలవు రోజుల్లో కార్లూ దగ్గర జనం బాగా ఉంటున్నారు. రావడం తప్పు కాదు, నేనూ అట్లా వచ్చినవాణ్ణే. కానీ బండల సందుల్లో చిప్స్ కవర్లు, సీసాలు చూస్తే మాత్రం కోపం వస్తుంది. అక్కడ చెత్తడబ్బా ఉండదు, మోసుకెళ్ళింది మోసుకొచ్చేయాలి, అంతే కదా.

పోయిన డిసెంబరులో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. దానికి పదేళ్ళు. సొరకాయ బుర్రలు లేవు, కౌన్సిల్ పూల్‌లో డబ్బులు కట్టి నేర్పించాం, మెడల్స్ కూడా ఉన్నాయి. తాతయ్య ఇసుక తెచ్చిన కథ దానికి వందసార్లు చెప్పి ఉంటాను. నేను ముందు కర్ర దింపి చూశాను. మూడోసారి మునిగినప్పుడు దానికి అడుగు అందింది. పైకొచ్చి గుప్పిట తెరిచి చూపించింది, ఇంటికి తీసుకెళ్తానంది, ఇక్కడినుంచి ఏదీ పట్టుకెళ్ళకూడదమ్మా అంటే మొహం చిన్నబుచ్చుకుని నీళ్ళలో వదిలేసింది.

లోయలో సిగ్నల్ ఉండదు. హీత్‌కోట్ ప్లాట్‌ఫారం మీదికొచ్చాక వీడియో కాల్ చేశాం. అక్కడ ఇంకా ఉదయమే, నాన్న అరుగు మీద టీ తాగుతున్నాడు. దాని తడి జుట్టు చూడగానే, నన్ను పలకరించకుండానే, "అడుగు అందిందా తల్లీ?" అన్నాడు. "అందింది తాతయ్యా, కానీ ఇసుక తేలేదు, నాన్న వద్దన్నాడు" అని, చెయ్యి ఫోన్‌కు దగ్గరగా పెట్టింది. గోళ్ళ సందుల్లో ఇంకా కాస్త తెల్లగా ఉంది. నాన్న గ్లాసు పక్కన పెట్టి, కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. "ఉండు తల్లీ, చెయ్యి తియ్యకు" అంటున్నాడు. ఈలోపు రైలొచ్చింది, అది చెయ్యి తియ్యకుండానే ఎక్కింది.